టీచరమ్మగారి కరెంటు

ఇల్లు నాది. దస్తావేజు మీద నా పేరుంది, నా ఫోటో ఉంది, నా వేలిముద్రలున్నాయి. కొత్త స్టవ్వు మీద పాలు పొంగించింది నేను. గుమ్మానికి పసుపు రాసి బొట్లు పెట్టింది నేను. అయినా ప్రతి నెలా మీటర్లు చూసే అతను వచ్చి, సెల్లార్లో మా మీటరు ముందు నిలబడి, చేతిలో మిషన్లోంచి చీటీ చింపి, మెట్ల దగ్గరకొచ్చి పైకి కేకేసే పేరు మాత్రం నాది కాదు.

ఆ పేరు మాకు ఫ్లాటు అమ్మినావిడది. అపార్ట్‌మెంటులో అందరూ ఆవిడని టీచరమ్మ అంటారు. ఆవిడ ఖాళీ చేసి వెళ్ళిపోయి ఏడాది కావస్తున్నా కరెంటు బిల్లు మీద ఆవిడే, ఏడాదికోసారొచ్చే నీళ్ళ చీటీ మీద ఆవిడే, కింద గోడకి తగిలించిన పేర్ల బోర్డు మీదా ఆవిడే. బోర్డు మార్చమని అసోసియేషన్ పెద్దమనిషిని అడిగితే, “బోర్డు ఒక్కసారే రాయిస్తామండీ, ఇంకో ఫ్లాటు కూడా అమ్ముడయ్యాక రెండూ కలిపి మార్పిస్తాం” అన్నాడు. ఎవరో ఇల్లమ్ముకునేదాకా నా పేరు ఆగాలన్నమాట. నాకు ఒళ్ళు మండిపోయింది.

కుళ్ళు అంటాడు మా ఆయన. కుళ్ళే. కాదని నేనెప్పుడన్నాను?

మా ఆయన నాకు మేనత్త కొడుకు. పెళ్ళికి ముందూ బావే, పెళ్ళయ్యాకా బావే. స్టీల్ ప్లాంటులో పని. ఏ షిఫ్టులో ఉన్నా భోజనం వేళకి ఆకలేస్తుంది, పడుకుంటే నిద్రొస్తుంది. అలాంటి మనిషికి నా బాధ ఎక్కడ అర్థమవుతుంది?

“ఓలమ్మ, బిల్లు మీద పేరుకేటే? లైట్లెలుగుతన్నాయి కదేటి? ఎవులి పేరైతే ఏటి?” అనేవాడు.

“నీకేటి బావా! ఉద్యోగంలో సేరిన కాణ్ణించీ ఏదో ఒక గోడ మీద నీ పేరుంది. నాకెక్కడుంది?” అనేదాన్ని.

మా నాన్న పోర్టులో పని చేసేవాడు. మా క్వార్టరు గోడ మీద ఆయన పేరు నల్ల రంగుతో రాసి ఉండేది. ఆయన రిటైరయ్యాక ఖాళీ చేయాలి. అది రూలు, ఎవరినీ అనడానికి లేదు. సామాన్లు ఎక్కించాక మా అమ్మ లారీ ముందు సీట్లో కూర్చుని, నాన్న పేరు మీద సున్నం వేస్తున్న మనిషిని చూస్తూ, “ఆ గోడకి ప్రతి ఏడూ సున్నం నానే ఏసీదాన్ని” అని ఒక్క ముక్క అంది. తర్వాత నాకు పెళ్ళయి ప్లాంటు క్వార్టర్సుకి వచ్చాను. అక్కడ గోడ మీద బావ పేరు. పిల్లలిద్దరూ అక్కడే పుట్టి, పెరిగి, ఉద్యోగాలకి వెళ్ళారు. పెరట్లో మునగచెట్టు నేను పెంచాను, వాకిట్లో ముగ్గు నేను వేశాను. వీధిలోవాళ్ళకి నేను బావ భార్యని. నా పేరు నాకు తప్ప ఎవరికీ పెద్దగా పని పడలేదు.

అందుకే బావకి ఇంకా సర్వీసు ఉండగానే సీతమ్మధారలో ఈ పాత ఫ్లాటు కొందామనుకున్నప్పుడు నేను ఒక్కటే అడిగాను. నా పేరున కొనాలి. ఎవరూ ఖాళీ చేయమనడానికి వీల్లేని ఇల్లు, దాని మీద నా పేరు. బావ మారు మాట్లాడకుండా సరేనన్నాడు. ఆ మాట దగ్గర మాత్రం ఆయనకి దండం పెట్టాలి. కానీ దస్తావేజు లోను ఇచ్చిన బ్యాంకువాళ్ళ బీరువాలోకి పోయింది. అది బయటికొచ్చేసరికి మాకు పళ్ళుంటాయో ఊడతాయో. నెలనెలా ఇంటికొచ్చే కాగితం కరెంటు బిల్లు ఒక్కటే. దాని మీద నా పేరు చూసుకోవాలన్నది నా పంతం.

టీచరమ్మగారిని అప్పటికి రెండుసార్లే చూశాను, ఇల్లు చూడ్డానికి వెళ్ళినప్పుడొకసారి, రిజిస్ట్రేషన్ రోజొకసారి. ఇస్త్రీ నలగని కాటన్ చీర, సన్నటి కళ్ళజోడు. వాళ్ళది కృష్ణా జిల్లా. ఆవిడ మాట్లాడితే ఒక్క అక్షరం కింద పడదు. నేను నోరు తెరిస్తే సగం అక్షరాలు దొర్లిపోతాయి. ఆ రోజు రిజిస్ట్రార్ ఆఫీసులో గుమాస్తా ఆవిడకి కుర్చీ వేశాడు. డబ్బిచ్చి కొనుక్కుంటున్నది నేను, కుర్చీ ఆవిడకి! అక్కడ మొదలైంది నాకు.

దిగిన వారానికే జాలరిపేట నుంచి చేపలామె వచ్చింది. బుట్ట కింద పెట్టి మూడో అంతస్తు వైపు చూసి, “టీచరమ్మా, సేపలూ!” అని అరిచింది. నేను బాల్కనీలోంచి తొంగి చూశాను. నన్ను చూడగానే ఆమె మొహం వాడిపోయింది.

“ఓలమ్మ, నువ్వా! నోటికలవాటైపోనాదమ్మా. టీచరమ్మెలిపోనాది కదూ? ఆవిడైతే సందువ అగుపడితే ఒగ్గీది కాదు.”

“నాకూ చందువే కావాలి” అని కిందికి దిగాను.

“అయిపోనాయి తల్లీ. కవ్వళ్ళున్నాయి, ఎయ్యమంటావా?”

తడి గోనె గుడ్డ కింద నుంచి చందువ తోక నాకు కనిపిస్తూనే ఉంది.

“మరదేటి?”

“అది డాక్టరుగోరింటికమ్మా. టీచరమ్మే సెప్పినాది, నాను లేకపోతే ఆళ్ళకియ్యమని.”

వెళ్ళిపోతూ వెళ్ళిపోతూ చందువకి కూడా వారసుల్ని రాసిచ్చి వెళ్ళిందావిడ. నేను ఆ చిన్న చేపలు కవ్వళ్ళే తెచ్చుకుని పులుసు పెట్టాను. బావ లొట్టలేసుకుని తిన్నాడు. నాకు మాత్రం గొంతు దిగలేదు.

ఇక బిల్లుల సంగతి. కరెంటు బిల్లులో పేరు మార్చాలంటే ఈ ఇంటి అడ్రసుతో ఆధార్ కార్డు కావాలన్నారు. కార్డులో అడ్రసు మార్చాలంటే నా పేరున కరెంటు బిల్లు కావాలన్నారు. గ్యాసు ఇక్కడికి మార్చుకోవాలంటే ఆ రెండింట్లో ఏదో ఒకటి తెమ్మన్నారు. ఇంటర్నెట్ పెట్టే కుర్రాడైతే, “గ్యాస్ బుక్కైనా పర్లేదు మేడమ్” అన్నాడు, మహా ఉదారంగా. పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు అన్న సామెత పుట్టించినవాడు కూడా కొత్తగా ఇల్లు కొన్నవాడే అయ్యుంటాడు.

పోనీ ఫోన్లో చేసుకుందామంటే, ఎక్కడ ఏ బటన్ నొక్కినా ఓటీపీ వెళ్ళేది టీచరమ్మగారి ఫోనుకే. చచ్చినట్టు ఆవిడకి ఫోన్ చేయాలి.

“ఎలా ఉందమ్మా ఇల్లు?” అనేది ఎత్తగానే. నేనెలా ఉన్నానని కాదు, ఇల్లెలా ఉందని. అత్తారింటికి పంపిన కూతురి గురించి అడిగినట్టు.

“బాగుందండీ. మీకొక నంబరొచ్చుంటుంది, కొంచెం చెప్తారా?”

“ఉండమ్మా, కళ్ళజోడు పెట్టుకోనీ.” తర్వాత ఒక్కొక్క అంకే, పిల్లలకి ఎక్కం చెప్పినట్టు, రెండేసి సార్లు చెప్పేది. “రాసుకున్నావా? ఏదీ, తిరిగి చదువు.” చదివేసరికి టైము అయిపోయేది. మళ్ళీ మొదట్నుంచి. ఈ మధ్యలో ఇంటి గురించి ఏదో ఒకటి అడుగుతుంది. ఒకరోజు, “తూర్పు గది కిటికీ తెరుచుకుంటోందా?” అంది.

తెరుచుకోవడం లేదు. దిగిన దగ్గర్నుంచీ దాంతో నేను కుస్తీ పడుతున్నాను. వడ్రంగి కోసం కబురు కూడా పెట్టాను. ఆ సంగతి చెప్పకుండా, “ఆ, బానే ఉందండీ” అన్నాను.

“గొళ్ళెం కొంచెం పైకెత్తి లాగాలమ్మా. ఊరికే లాగితే రాదు.”

ఫోన్ పెట్టేసి వెళ్ళి పైకెత్తి లాగాను. వెన్నలా తెరుచుకుంది. సముద్రపు గాలి మొహాన కొట్టింది. సంతోషపడాల్సిందే, కానీ నాకు ఏడుపొచ్చింది. ఇల్లు నాతో మాట్లాడదు, ఆవిడ చెబితే వింటుంది. ఎవరింట్లో ఉన్నాను నేను?

ఇంతకీ అన్ని నెలలూ కరెంటు బిల్లు ఎవరు కట్టారని మీరడగాలి. మేమిద్దరం మాత్రం అడగలేదు. అదీ మా తెలివి.

పుట్టిన దగ్గర్నుంచి క్వార్టర్సుల్లో బతికినవాళ్ళం. కరెంటైనా, నీళ్ళైనా, గదుల అద్దైనా జీతంలోంచి కట్ అయిపోయేవి. బిల్లు అనేది ఇంటికొచ్చి తలుపు కొట్టే వస్తువని మాకు తెలీదు. ఇక్కడికొచ్చాక మొదటి నెల చీటీ రాగానే నేను దాన్ని దేవుడి గూటిలో పెట్టి బావకి చెప్పాను. ఆయనకి వీలయ్యేసరికి నాలుగు రోజులు పట్టింది. ఫోన్లో మా సర్వీసు నంబరు కొట్టి చూసి, “బాకీ ఏటీ లేదంటందే” అన్నాడు.

“లేకపోవడమేటి? చీటీ ఉంది కదా?”

“కట్ అయిపోయుంటాదిలే. లోను కట్ అయినప్పుడే అదీ కట్ అయిపోద్ది కాబోలు.”

ముప్పై ఏళ్ళుగా అన్నీ కట్ అవడమే చూసిన మనిషి. నాకూ అది సబబుగానే తోచింది. తర్వాతి నెలా అంతే, ఆ పై నెలా అంతే. “కట్ అయిపోనాదే” అనేవాడు ఫోన్ చూసి, తనే కట్టినంత తృప్తిగా. మళ్ళీ ఆయన ప్లాంటులో పదిమందికి పని చెప్పే మనిషి!

ఎండాకాలంలో బావకి హెర్నియా ఆపరేషన్ అయింది. ఇంట్లోనే మంచం మీద ఉన్నాడు. ఉక్కపోతకి కుట్లు తడుస్తున్నాయని పగలూ రాత్రీ ఏసీ ఆపలేదు. ఆ నెల మీటరతను కేకేసి ఇచ్చిన చీటీ మీద ఎన్నడూ లేనంత అంకె ఉంది. బావ పడుకునే ఫోన్ చూసి, “కట్ అయిపోనాదే” అన్నాడు ఎప్పటిలాగే.

ఆ రోజెందుకో నాకు తిక్క రేగింది. “ఎక్కడ కట్ అయిందో సూపించు బావా” అన్నాను.

జీతం కాగితం తీశాడు. కరెంటు అని ఉండాల్సిన చోట, క్వార్టరు ఖాళీ చేసిన నెల నుంచీ ఖాళీ. లోను లెక్క తీశాడు. అందులో లోను తప్ప ఏమీ లేదు. బావ లేచి కూర్చున్నాడు, కుట్లు పట్టుకుని.

“మరెవులు కట్టీసారే?”

“నన్నడుగుతావేటి?”

కాసేపు ఆలోచించి, “గవర్నమెంటోలు ఫ్రీ సేసీసారేటి?” అన్నాడు. నవ్వాలో తల బాదుకోవాలో తెలీలేదు. ఎవరు కడుతున్నారో నాకప్పుడే తెలిసిపోయింది. తెలిసినా ఒప్పుకోబుద్ధి కాలేదు.

మర్నాడు కరెంటాఫీసుకి వెళ్ళాను. కౌంటర్లో ఉన్నాయన కంప్యూటర్ చూసి, “అన్నీ టైముకే కట్టీసున్నాయమ్మా. పాతోరు ఆటోపే పెట్టుకునుంటారు. బిల్లు పడగానే ఆళ్ళ ఖాతాలోంచి ఎల్లిపోతంటాది. అడిగి సూడండి” అన్నాడు.

పేరు మార్చమని కాగితాలన్నీ ముందు పెట్టాను. ఒకటొకటీ తిరగేసి, “పాతోరు అభ్యంతరం లేదని సంతకం పెట్టిన కాగితం తెచ్చుకోండమ్మా” అన్నాడు.

“రిజిస్ట్రేషనయిన ఇల్లండీ. ఆవిడ అభ్యంతరం ఇంకెక్కడుంటుంది?”

“ఉండదనుకోండి. సంతకం ఉంటే పని బేగి అయిపోద్ది.”

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటే ఇదే. మెట్లు దిగుతుంటే చెవుల్లోంచి పొగలొచ్చాయి. సంతకం కోసం కాదు. ఏడాదిగా నా ఇంట్లో నా నెత్తిన తిరుగుతున్న ఫ్యాను ఆవిడ డబ్బులతో తిరుగుతోంది. ఆవిడ మీద పళ్ళు నూరుకుంటూ ఇన్నాళ్ళూ నేను కూర్చున్నది ఆవిడ కరెంటు కిందేనన్నమాట. ఒక మనిషి మీద కుళ్ళుకునే హక్కు కూడా మిగలకుండా చేసిందే ఈవిడ! అంత మంచితనం ఎవడడిగాడు?

ఫోన్ చేసి సంతకం కావాలన్నాను. బిల్లుల మాట ఎత్తలేదు, అది మొహం చూసే అడగాలనుకున్నాను. “రామ్మా, తప్పకుండా. భోజనానికి వచ్చేయ్” అంది. కూతురు, అల్లుడి దగ్గర అచ్యుతాపురంలో ఉంటోంది. అల్లుడికి అక్కడేదో ఫ్యాక్టరీలో ఉద్యోగం.

బయల్దేరే రోజు నేను మంచి పట్టుచీర కట్టాను. ఆవిడ కాటన్ చీర ముందు తేలిపోకూడదని. కింద చేపలామె తగిలింది.

“ఏటమ్మా, పెళ్ళికా?”

“కాదు. టీచరమ్మ దగ్గరికి.”

“టీచరమ్మ కాడికా! ఆగాగు!” అని బుట్ట దింపేసింది. గోనె గుడ్డ తీసి అడుగునుంచి ఒక చందువని లాగింది, పళ్ళెమంత. మెట్ల మీదే కూర్చుని పొలుసు తీసి, కోసి, ఉప్పూ పసుపూ రాసి, నా చేతనే పైనుంచి డబ్బా తెప్పించుకుని, ఐసు ముక్కలు వేసి మూత పెట్టింది.

“ఎంతివ్వను?” అన్నాను.

“టీచరమ్మ కాడ నాను డబ్బులట్టుకుంటానేటి? నా కూతురికి పైసా అట్టుకోకుండా పదో క్లాసు దాకా సదువు సెప్పినాది.”

“నాకెప్పుడైనా ఇలాగ ఇచ్చావా?”

“నువ్వూ సెప్పమ్మా సదువు. ఇత్తాను.”

కాంప్లెక్సు బస్టాండులో బస్సెక్కాను. డబ్బా ఒళ్ళో పెట్టుకున్నాను. గాజువాక వచ్చేసరికి ఐసు కరిగి మూతలోంచి కారడం మొదలైంది. పక్కసీటు ఆవిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది. నా పట్టుచీర మీద చేపల నీళ్ళు, నాకెన్నడూ దక్కని చందువ, అదీ ఎవరి కోసమంటే ఆవిడ కోసం. దారి పొడుగునా ఆ డబ్బాని కిటికీలోంచి విసిరేయాలన్నంత కోపంగానే ఉంది. గట్టిగా పట్టుకునే కూర్చున్నాను.

అద్దె ఇల్లు, చిన్నది. కూతురూ అల్లుడూ పనులకి వెళ్ళారు, మనవరాలు స్కూలుకి. టీచరమ్మగారు తలుపు తీసింది. అదే ఇస్త్రీ చీర. హాల్లో గోడవారగా ఒక దివాను మంచం, దాని పక్కన ఒక సూట్‌కేసు. ఆవిడదంటూ ఆ ఇంట్లో నాకు కనిపించింది అంతే. డబ్బా చేతిలో పెట్టి, ఎవరిచ్చారో చెప్పాను. మూత తీసి చూసింది.

“నేను గుర్తున్నానా ఆమెకి!” అంది.

నేను అనుకుని వెళ్ళిన మాటలు వరుసగా అనేశాను. “మా కరెంటు బిల్లు మీ ఖాతాలోంచి పోతోందండీ. మాకు నిజంగా తెలీదు. జీతంలోంచి కట్ అయిపోతోందనుకున్నాడు మా ఆయన.”

ఆవిడ పకపకా నవ్వింది. “మావారూ అంతేనమ్మా! పోర్టు క్వార్టర్సులోంచి ఆ ఫ్లాటుకి వచ్చిన కొత్తల్లో, అన్నీ జీతంలో పట్టుకుంటారులే అని కూర్చున్నారు. చివరికి ఫ్యూజు పీక్కుపోయారు. నేను కొవ్వొత్తి వెలుగులో పేపర్లు దిద్దాను.”

ఆవిడా క్వార్టర్సు మనిషేనని నాకప్పుడు తెలిసింది. అదే పోర్టు. మా నాన్న పేరు సున్నం కిందికి పోయిన ఆ వరసల్లోనే ఎక్కడో ఆవిడా కాపురం చేసింది.

“నాకు తెలుసమ్మా” అంది. “మొదటి నెల డబ్బు పోగానే తెలుసు. మా అమ్మాయి ఆపేస్తానంది. నేనే ఉండనీమన్నాను.”

“ఎందుకండీ?”

కళ్ళజోడు పెట్టుకుని, ఫోన్ తెచ్చి నా పక్కన కూర్చుంది. బిల్లు కట్టినట్టు వచ్చిన మెసేజీలన్నీ దాచుకుంది. ఒక్కొక్కటే పైకి జరుపుతూ, పాఠం చెప్పినట్టే చెప్పింది.

“ఇది మీరు దిగిన నెల. చాలా తక్కువ. ఇంకా సామాను సర్దుకోలేదు కాబోలు అనుకున్నాను. ఇది కొంచెం పెరిగింది, ఫ్రిజ్జు వచ్చుంటుంది. ఇదిగో, దసరా నెల, బాగా వచ్చింది. పిల్లలొచ్చారా?”

వచ్చారు. ఇద్దరూ వచ్చారు.

“ఇక్కడ మళ్ళీ తగ్గింది. వెళ్ళిపోయారన్నమాట, పాపం మీ ఇద్దరే ఉన్నారనుకున్నాను. ఇదిగో, ఇదొక్కటే నన్ను భయపెట్టిందమ్మా. ఆ ఇంట్లో ఇంత ఎప్పుడూ రాలేదు, మావారు మంచాన పడ్డప్పుడు తప్ప. ఎవరికైనా ఒంట్లో బాగోలేదా? ఫోన్ చేసి అడుగుదామని ఎన్నిసార్లో అనుకున్నాను. ఏమనుకుంటారోనని ఊరుకున్నాను. ఎవరికమ్మా?”

బావకి ఆపరేషనయిన సంగతి మా ఊళ్ళోనే ఉన్న మా అక్కకి నేను చెబితే గానీ తెలీలేదు. ఈవిడకి మీటరు చెప్పింది.

“మా ఆయనకండీ. ఇప్పుడు బానే ఉన్నాడు” అన్నాను.

“హమ్మయ్య” అంది.

డబ్బు తీశాను. ఆవిడ నా చెయ్యి మూసేసింది. “బిల్లు కట్టినట్టు కాదమ్మా. ఆ ఇంట్లో దీపం పెడుతున్నాననుకున్నాను. దీపానికి డబ్బులు పుచ్చుకుంటామా?” ఎంత చెప్పినా వినలేదు.

సంతకం కాగితం ముందు పెట్టాను. కలం తీసుకుని, మొదటి అక్షరం మీద పెట్టి ఆగింది.

“ఇది పెడితే ఇక మెసేజీలు రావు కదూ?”

అబద్ధం చెబుదామనిపించింది. “రావండీ” అన్నాను.

గుండ్రటి అక్షరాలతో, ఒక్క గీత వంకర పోకుండా సంతకం పెట్టింది. కాగితం నా వైపు జరిపి, “చెప్పకూడదు గానీ, నిన్ను చూస్తే నాకు అసూయమ్మా” అంది. “మావారు పోయాక మా అమ్మాయి నన్నొక్కదాన్నీ ఉండనివ్వలేదు, వచ్చేశాను. ప్రేమగానే చూస్తారు. కానీ ఇక్కడ నా పేరున పాల చీటీ కూడా రాదు. ఆ ఒక్క బిల్లు మీదే ఉన్నాను నేను.”

నేను ఇన్నాళ్ళూ ఆ పేరు ఎప్పుడు తుడిచేద్దామా అని చూశాను. సున్నం బకెట్టు ఈసారి నా చేతిలో ఉంది. నోటికొచ్చింది అనేశాను.

“నాకూ మీరంటే కుళ్ళండీ.”

“నేనంటేనా? ఎందుకమ్మా?”

“ఏడాదిగా ఉంటన్నాను, నాకొక్క సందువ ఇయ్యలేదండీ ఆ సేపలామె!”

నా భాష అంతా దొర్లిపోయింది. ఆవిడ ముందు నవ్వింది, తర్వాత కళ్ళజోడు తీసి తుడుచుకుంది, మళ్ళీ నవ్వింది. లేచి ఆ చందువే వేయించి పెట్టింది. నాకంటే బాగా వేయించింది. అదొకటి.

పేరు మారిందని నా ఫోనుకి మెసేజి వచ్చినరోజు నాకు కాలు నిలవలేదు. సాయంత్రం కాగానే గదిగదికీ వెళ్ళి లైట్లన్నీ వేశాను. బాల్కనీలో, బాత్రూముల్లో, స్టోరు గదిలో కూడా. బావ షిఫ్టు దిగి వచ్చి, కింద నుంచే చూసి, “ఇంట్లో పెళ్ళేటే?” అన్నాడు. ఆ సంబరం ఒక్కరోజుతో ఆగలేదు.

తర్వాతి నెల మొదట్లో మీటరతను వచ్చాడు. వంటింట్లో ఉన్నాను. మెట్ల కింద నుంచి నా పేరు వినిపించింది. ఇంటిపేరుతో సహా, పూర్తిగా. ఆ మెట్ల మీద నా పేరు ఎవరైనా అంత గట్టిగా పిలవడం అదే మొదలు. చెప్పులు కూడా వేసుకోకుండా కిందికి పరిగెత్తాను.

“మీరేనా అమ్మా?” అన్నాడు.

“నానే” అన్నాను.

పైకొచ్చి చీటీని టేబుల్ మీద సాపు చేసి ఫోటో తీశాను. మా అక్కకి పంపించి ఏడిపిద్దామన్నది నా ఆలోచన. ఎందుకో వేలు టీచరమ్మగారి పేరు మీదికి పోయింది. ఆవిడకే పంపాను. ఏమంటుందోనని వంట వదిలేసి ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. చాలాసేపటికి వచ్చింది జవాబు, ఒక్క అక్షరం తప్పు లేకుండా.

“చాలా సంతోషం అమ్మా. పేరు చక్కగా ఉంది. ఈ నెల కొంచెం ఎక్కువ వచ్చినట్టుంది. ఎవరొచ్చారు?”

“ఎవరూ రాలేదండీ” అని పంపాను. కాసేపాగి, “మీరు రండి. నాలుగు రోజులుండేలా రండి” అని పంపాను.

పంపాక గుర్తొచ్చింది. ఆవిడొచ్చిందంటే చేపలామె చందువ మళ్ళీ ఆవిడకే ఇస్తుంది. ఇవ్వనీ. ఆవిడ కూర్చునే ఫ్యాను నా కరెంటుతో తిరుగుతుంది.